భోగి మంటకు బాధ్యత వహించు వ్యక్తి

జర్మనీలోని బ్రెమెన్ పరిసర తెలుగు సాంస్కృతిక మహాసమాఖ్య ఈసారి భోగి మంటను నిజమైన నిప్పుతో వేయాలని అక్టోబరు నెలలో ఏకగ్రీవంగా తీర్మానించింది. నిప్పుతో కాక మరి దేనితో వేస్తారని మీరు అడగవచ్చు. గత ఆరేళ్లుగా అరవై అయిదు అంగుళాల టీవీతో వేస్తున్నారు. యూట్యూబులో పది గంటల పాటు ఆరకుండా మండే మంట ఒకటుంది. కట్టెలు చిటపటలాడే చప్పుడు కూడా వస్తుంది. సభ్యులు పట్టుబట్టలు కట్టుకుని, చుట్టూ తిరగడానికి వెనక గోడ అడ్డం కాబట్టి ముందు నిలబడే, చేతులు చాపి చలి కాచుకునేవారు. మధ్యలో ప్రకటన వస్తే ఆ అయిదు సెకన్లూ చేతులు వెనక్కి తీసుకునేవారు. ఎవరికీ ఏ లోటూ తెలియలేదు.

లోటు తెలిసింది ఒక్క వెంకటరామారావుకే. ఆయనది తణుకు. బ్రెమెన్‌లో విమానం సీట్ల బెల్టులు తనిఖీ చేసే ఉద్యోగం. బ్రెమెన్ పక్కనే ఓస్టర్‌ముల్డే అనే చిన్న ఊళ్లో కాపురం. తొమ్మిదేళ్ల కూతురు ఈషాను బడిలో మీ పండుగ గురించి చెప్పమంటే, "మా పండుగనాడు మేం పెందలాడే లేచి, స్నానం చేసి, వీడియో చూస్తాం" అని జర్మన్‌లో చెప్పి వచ్చింది. పొగ లేని పండుగ, ఎంత బాధ్యతగల జాతి అని టీచరు మెచ్చుకుంది. తండ్రికి మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

సర్వసభ్య సమావేశంలో ఆయన లేచి, ఒక్కసారి నిజం మంట వేద్దామండీ అన్నాడు. అధ్యక్షులు లక్ష్మణరావుగారు కరీంనగర్ నుంచి వచ్చి పదిహేనేళ్లుగా ఇక్కడ సాఫ్ట్‌వేరులో స్థిరపడినవారు. ఈ మాట వినగానే ఆయన నలభై నిమిషాలు ప్రసంగించారు.

"అగ్గి లేనిది తెలుగోడు లేడు! మన తాతలు అగ్గి ముంగట పుట్టిన్రు, అగ్గి ముంగట పెరిగిన్రు. పర్మిషన్ గిర్మిషన్ అంటే అదెంత పని? మన వెంకటరామారావుగారు చూస్కుంటరు."

చప్పట్లు మోగాయి. పని అప్పగించడంలో మన సమాఖ్య చూపించే వేగం పని చేయడంలోనూ చూపిస్తే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

ఓస్టర్‌ముల్డే పురపాలక కార్యాలయంలో ఆరుబయట నిప్పు వేసుకోవడానికి అనుమతి ఇచ్చే అధికారి ఫ్రావ్ మైండర్స్, అంటే శ్రీమతి మైండర్స్. ఆమెతో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, దొరకడానికి మూడు వారాలు పట్టింది. ఆమె గురించి ఒక్క మాట చెప్పి తీరాలి. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆమె ఎవరికీ "కుదరదు" అని చెప్పి ఎరగదు. ఏ సెక్షను కింద కుదురుతుందో మీరే చెప్పండి అని మాత్రం అడుగుతుంది.

"ఏమి కాలుస్తారు?" అని అడిగింది.

వెంకటరామారావు అబద్ధం చెప్పలేదు. "పాత వస్తువులండీ."

"మీకు ఇంక అక్కర్లేనివా?"

"అవును."

"వదిలించుకోవాలని అనుకుంటున్నవా?"

"పండుగ అర్థమే అది."

ఆమె కలం కింద పెట్టింది. "మా చట్టంలో దాన్ని చెత్త అంటారు. చెత్త కాల్చడం నేరం."

విరిగిన కుర్చీ అయితే రంగు, విషం. పాత చాప అయితే ప్లాస్టిక్కు. పాత బట్టలకు వేరే డబ్బా ఉంది, పాత పుస్తకాలకు ఇంకో డబ్బా ఉంది. పిడకల మాట ఎత్తగానే ఆమె పశువైద్య విభాగం ఫోను నంబరు రాసిచ్చింది. చివరికి రంగు వేయని, రెండేళ్లు ఎండిన, కొత్తగా కొన్న కట్టెలు మాత్రమే కాల్చవచ్చని తేలింది. పాతవి కాల్చే పండుగకు కొత్తవి కొనాలన్న మాట. వెంకటరామారావు ఒప్పుకున్నాడు.

"చెత్త కాకపోతే ఇది ఆచారం కావాలి" అంది ఫ్రావ్ మైండర్స్ తరువాతి పేజీ తిప్పుతూ. "ఈ ఆచారం ఎంత కాలంగా ఉంది?"

"వేల ఏళ్లుగా."

"ఓస్టర్‌ముల్డేలో?"

"ఇక్కడ ఈ జనవరిలో మొదలుపెడదామని."

"ఆచారాన్ని మొదలుపెట్టడానికి అనుమతి ఉండదు. ఉన్న ఆచారానికే ఉంటుంది."

"అనుమతి లేకుండా వేస్తే నేరం. వేయకుండా ఉంటే ఆచారం కాదు. మరి ఏ ఆచారమైనా ఎలా పుడుతుందండీ?"

ఫ్రావ్ మైండర్స్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ముప్పై ఏళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. దాన్ని శ్రద్ధగా రాసుకుని పైకి పంపింది. అయిదు వారాలకు పైనుంచి నాలుగు పేజీల జవాబు వచ్చింది. ప్రయోగాత్మకంగా, ఒక్కసారికి, పదిహేడు షరతులతో అనుమతి మంజూరు. కట్టెల కుప్ప ఎత్తు రెండు మీటర్లు, మంట ఎత్తు నాలుగు మీటర్లు మించరాదు. మంట పొద్దున ఆరు నుంచి ఏడున్నర వరకే. ఊళ్లో ఎవరు వచ్చినా రానివ్వాలి. చలికాలం ముళ్లపందులు కట్టెల్లో దూరి నిద్రపోతాయి కనుక ముందు రోజు కుప్పనంతా విప్పి మళ్లీ పేర్చాలి. అన్నిటికన్నా ముఖ్యం పదహారోది. ఆచారాన్ని పాటించు వ్యక్తులు కనీసం ఇరవై మంది స్వయంగా హాజరై, స్వయంగా పాటించవలెను. లేనియెడల ఈ మంట చెత్త కాల్చుటగా పరిగణించబడి, బాధ్యత వహించు వ్యక్తిపై చర్య తీసుకొనబడును.

పదిహేడో షరతు ఆ బాధ్యత వహించు వ్యక్తి పేరు, సంతకం.

సమాఖ్యలో పదవులు పదహారున్నాయి. ఉపాధ్యక్షులే అయిదుగురు. మంట ముట్టించే గౌరవం ఎవరిదన్న చర్చ మూడు గంటలు సాగి, ఏడుగురు కలిసి ఒకే కాగడా పట్టుకోవాలన్న చారిత్రాత్మక రాజీతో ముగిసింది. బాధ్యత వహించు వ్యక్తి అంశం నాలుగు నిమిషాల్లో తేలిపోయింది. ఒకరికి బ్లూ కార్డు వీసా రెన్యువల్ ఉంది. ఒకరికి సరిగ్గా అప్పుడే నెట్‌వర్కు పోయింది. ఒకరు మా ఆవిడనడిగి చెబుతానని ఇంతవరకూ అడుగుతూనే ఉన్నారు. లక్ష్మణరావుగారి కారణం అన్నిటికన్నా గంభీరమైనది.

"నేను ప్రెసిడెంట్‌ను. ప్రెసిడెంట్ అన్నంక మొత్తం చూస్కోవాలె. ఒక్క మంటకే బాధ్యత తీస్కుంటే కడమయి ఎవరు చూస్తరు?"

ఈ తర్కానికి సభ చప్పట్లు కొట్టింది. వెంకటరామారావు సంతకం పెట్టాడు.

ఇంటికి వెళ్లి చెబితే భార్య సంయుక్త చేతిలోని గరిట గిన్నెలోనే వదిలేసింది. "మన సిటిజెన్‌షిప్ అప్లికేషన్ పెట్టి పద్నాలుగు నెలలైంది. పేరు మీద చిన్న కేసు కూడా ఉండకూడదని, టికెట్ లేకుండా ఒక్క స్టాపు కూడా ట్రామ్ ఎక్కనివ్వని మనిషి మీరు. ఇప్పుడు నిప్పుకి బాధ్యుడినని రాసిచ్చి వచ్చారా?"

"ఇరవై మందే కదా. మన గ్రూపులో నూట ఎనభై ఆరు మంది ఉన్నారు."

"ఉన్నారు" అంది సంయుక్త. "గ్రూపులో."

భోగి ముందు రోజు కట్టెలు విప్పి పేర్చడానికి రమ్మని గ్రూపులో సందేశం పెట్టాడు. డెబ్బై నాలుగు బొటనవేళ్లు, ముప్పై ఒక్క నమస్కారాలు, ఒక మంట బొమ్మ వచ్చాయి. మనుషులు ఇద్దరు వచ్చారు. నరసాపురం సాముయేలు, ఆయన భార్య దేవకుమారి. సాముయేలుకు రేవులో గోదాము పని, ఆమె ఆసుపత్రిలో ఐసీయూ నర్సు. ఆదివారాలు తమ ఇంట్లో తెలుగు ప్రార్థన కూడిక నడుపుతారు.

"మీకు ఇబ్బందేమో అని విడిగా పిలవలేదండీ" అన్నాడు వెంకటరామారావు మొహమాటంగా.

"ఇబ్బందేవుందండీ!" అంది దేవకుమారి చేతులకు గ్లౌజులు తొడుక్కుంటూ. "మా వీధిలో భోగి మంటకి ఊళ్లో వాళ్ల తాటాకులు దొంగిలించి తెచ్చింది ఈయనేగా."

"దొంగతనం అంటావేంటే? సేకరణ అనాలి" అన్నాడు సాముయేలు.

ముగ్గురూ కలిసి నాలుగు గంటల సేపు రెండు మీటర్ల కుప్పను ఒక్కొక్క కట్టే తీసి పక్కన పెట్టి, మళ్లీ ఒక్కొక్క కట్టే పేర్చారు. ముళ్లపంది లేదు. వెంకటరామారావు ఫారంలో "ముళ్లపందుల సంఖ్య: సున్న" అని రాశాడు. దాని కింద "సున్న అని ఎలా నిర్ధారించారు?" అన్న గడి ఉంది. నడుము పట్టుకుని "వంగి" అని రాశాడు.

భోగినాడు పొద్దున ఆరుకు అయిదు నిమిషాల తక్కువ. మైనస్ నాలుగు డిగ్రీలు. అగ్నిమాపక కేంద్రం వెనక మైదానంలో కుప్ప సిద్ధంగా ఉంది. దళపతి యాన్సెన్ నీళ్ల గొట్టం పట్టుకుని నిలబడ్డాడు. ఫ్రావ్ మైండర్స్ చేతిలో మనుషుల్ని లెక్కపెట్టే మీట యంత్రం ఒకటుంది. వెంకటరామారావు, సంయుక్త, ఈషా, సాముయేలు, దేవకుమారి. టక్ టక్ టక్ టక్ టక్. అయిదు.

ఊరి జనం కూడా వచ్చారు. పురపాలక కరపత్రంలో ఈ మంట గురించి ప్రకటన పడింది. పదిహేడు మంది ముసలీ ముతకా మడత కుర్చీలు వేసుకుని, ఫ్లాస్కుల్లో కాఫీతో కూర్చున్నారు. వెంకటరామారావు లక్ష్మణరావుకు ఫోను చేశాడు.

"బయల్దేరినం, బయల్దేరినం" అన్నారు అధ్యక్షులు. వెనక నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. "స్నానాలైతున్నయి. మీరు షురూ చెయ్యకుండ్రి, కాగడా మేం పట్టాలె."

ఆరు గంటలు కొట్టింది. అనుమతి పత్రంలో స్నానాల ప్రస్తావన లేదు. వెంకటరామారావు కూతురి చేతిలో అగ్గిపుల్ల పెట్టి, తన చేయి ఆసరా ఇచ్చి, కుప్ప అంటించాడు. ఎండిన కట్టె ఒక్కసారిగా అందుకుంది. మొహం భగ్గుమంది, వీపు మాత్రం చలికి గడ్డకట్టింది. చిన్నప్పుడూ సరిగ్గా ఇలాగే ఉండేదని ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. ఈషా రెండడుగులు వెనక్కి వేసి, "నాన్నా, దీనికి వాసనుంది!" అంది. ఎప్పుడూ జర్మన్‌లో మాట్లాడే పిల్ల ఆ మాట తెలుగులో అంది.

"ఇంకా పదిహేను మంది కావాలి" అంది ఫ్రావ్ మైండర్స్.

"వీళ్లంతా ఉన్నారు కదండీ" అని కుర్చీల వైపు చూపించాడు.

"వాళ్లు చూస్తున్నారు. పాటించడం లేదు."

మాట నిజమే. ఆరూ ఇరవై అయింది. రోడ్డు మీద ఒక్క కారు దీపం లేదు. వెంకటరామారావుకు ఆ చలిలోనూ చెమట పట్టింది. భర్త వైపు చూడకుండా సంయుక్త మంట వైపే చూస్తోంది. అది ఇంకా భయంగా ఉంది.

దేవకుమారి శాలువా నడుముకు బిగించింది. ఐసీయూలో రోగుల్ని మంచం దింపే గొంతుతో, జర్మన్‌లో, అందరూ లేవండి అంది. పదిహేడు మందీ లేచారు. చుట్టూ తిరగండి అంది. తిరిగారు. అక్కర్లేని పాత వస్తువొకటి మంటలో వేసి దండం పెట్టుకోవాలి, ఇలా, అని తన సంచిలోంచి విరిగిన పప్పుగుత్తి తీసింది. ఫ్రావ్ మైండర్స్ వెంటనే దాన్ని అందుకుని వాసన చూసింది.

"దీనికి పూత ఏమిటి?"

"కందిపప్పు."

రంగు లేదు, వార్నిషు లేదు. పప్పుగుత్తి ఓస్టర్‌ముల్డే చరిత్రలో చట్టబద్ధంగా దహనమైన మొదటి పాత వస్తువు అయింది.

తక్కినవాళ్లు పేర్చగా మిగిలిన పుల్లలు తలొకటి తీసుకున్నారు. యాన్సెన్ తల్లి హెడ్విగ్‌కు ఎనభై నాలుగేళ్లు. ఆమె ఒక్కర్తీ పుల్ల తీసుకోలేదు. రోడ్డు దాటి ఎదురుగా ఉన్న ఇంట్లోకి వెళ్లి, చెక్క బూట్ల జత పట్టుకొచ్చింది. చనిపోయిన భర్తవి. ఇరవై రెండేళ్లుగా తలుపు దగ్గరే ఉన్నాయట, తీయడానికి ఎప్పుడూ ఒక సందర్భం దొరకలేదట. ఫ్రావ్ మైండర్స్ వాటిని పట్టుకుని చూసింది కాని వాసన చూడలేదు. హెడ్విగ్ ఒక బూటు మంటలో వేసి, రెండోది చంకలో పెట్టుకుంది.

"ఇది వచ్చే జనవరికి" అంది.

టక్, టక్ మని మీట ఇరవై రెండు దగ్గర ఆగింది. ఆచారం పాటించువారి జన్మస్థలం రాయడానికి ఫారంలో గడి లేదు. అది లేకపోవడం వల్ల మన సంస్కృతి ఆ పూటకు గట్టెక్కింది. ఏడున్నరకు యాన్సెన్ నీళ్లు కొట్టి మంట ఆర్పేశాడు.

తొమ్మిదింబావుకు పదకొండు కార్లు వరసగా వచ్చాయి. పట్టుపంచెలు, పట్టుచీరలు, వాటి మీద లావాటి చలి కోట్లు. తడి బూడిద ముందు ఏడుగురు వెలగని కాగడా పట్టుకుని నిలబడ్డారు. లక్ష్మణరావుగారు ఇరవై అయిదు నిమిషాలు మాట్లాడారు.

"చూసిన్రా! జర్మనీ నడిబొడ్డున తెలుగోడి అగ్గి! గీ బూడిదను చూస్తనే తెలుస్తున్నది, మంట ఎంత పెద్దగుండెనో!"

ఫొటోల్లో బూడిద బాగా రాలేదు. సమాఖ్య ప్రచార కార్యదర్శి సందీప్ కంప్యూటరుకు నాలుగు మాటలు చెప్పి మంచి బొమ్మ ఒకటి చేయించాడు. అందులో ఏడు మీటర్ల మంట ఉంది, దాని ముందు లక్ష్మణరావుగారున్నారు, మూడు వందల మంది జనం ఉన్నారు, వెనక కొబ్బరి చెట్లున్నాయి. అటూ ఇటూ అలంకరించిన ఏనుగులు రెండు నిలబడ్డాయి. "ఓస్టర్‌ముల్డేలో మన భోగి, మన సాక్షిగా" అని రాసి పెడితే నాలుగు వందల పన్నెండు లైకులు వచ్చాయి. అయ్యో, రాలేకపోయామే అని వచ్చినవాళ్లు కూడా కామెంట్లు పెట్టారు.

పన్నెండు రోజులకు వెంకటరామారావుకు కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. నిర్వాహక సంస్థ బహిరంగంగా ప్రచురించిన చిత్రం ప్రకారం మంట ఎత్తు షరతును మించినట్టు, ఏనుగులు రెండింటికి పశువైద్య విభాగపు అనుమతి లేనట్టు తెలియుచున్నది. బాధ్యత వహించు వ్యక్తి రెండు వారాల్లో వివరణ ఇవ్వవలెను.

పరుగున వెళ్లాడు. "మీరు అక్కడే ఉన్నారు కదండీ! ఏనుగులున్నాయా?"

"లేవు" అంది ఫ్రావ్ మైండర్స్. "నేను అక్కడ ఉన్నాను. కార్యాలయం అక్కడ లేదు. కార్యాలయం దగ్గర ఉన్నది ఈ బొమ్మే. బొమ్మ పెట్టిన సంస్థ అది అబద్ధమని రాసిస్తే ఫైలు మూసేస్తాను." "నాకూ ఇది బాగా లేదు" అని గొంతు తగ్గించి చెప్పింది.

లక్ష్మణరావుగారు మర్యాదగా టీ ఇచ్చి నిరాకరించారు. "గట్లెట్ల రాసిస్త? నాలుగొందల మంది లైక్ చేసిన్రు. మా బామ్మర్ది ఊర్ల అందరికి చూపెట్టిండు. అబద్ధమని నా చేతితోని రాస్తే సమాఖ్య ఇజ్జత్ ఏంగావాలె? మీరే ఏదన్న అడ్జస్ట్ చేసుకోండ్రి."

వెంకటరామారావు రెండు రాత్రులు నిద్రపోలేదు. ఏడాది దాటిన ఎదురుచూపు, లేని ఏనుగుల కాళ్ల కింద పడేటట్టుంది. మూడో రోజు ఈ సంగతి విని దేవకుమారి తానే అధ్యక్షుల ఇంటికి బయల్దేరింది. దారిలో పశువైద్య విభాగంలో దిగి ఫారం ఒకటి తీసుకుంది.

"అన్నయ్యగారూ, మీ పరువు పోకూడదు" అంది వినయంగా, బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి. "ఏనుగులు లేవంటే ఇక్కడ సంతకం పెట్టండి. ఉన్నాయంటే ఇక్కడ పెట్టండి. బొమ్మలో ముందు నిలబడింది మీరే కదా."

లక్ష్మణరావుగారు రెండో కాగితం చదివారు. పైన "అడవి జంతువుల ప్రదర్శన" అని ఉంది. కింద "ఏనుగులకు బాధ్యత వహించు వ్యక్తి" అని ఉంది. ఆయన ముఖం ఆ భోగి బూడిదలాగే అయింది.

"చెల్లెమ్మా, ఏనుగులు ఎక్కడియి? నేను వచ్చేసరికి మంటనే లేకుండె" అన్నారు. జీవితంలో మొదటిసారి ఒక నిజం కింద సంతకం చేశారు.

ఫైలు మూతబడింది. మే నెలలో వెంకటరామారావు కుటుంబానికి పౌరసత్వం వచ్చింది. దానితో పాటే పురపాలక సంఘం నుంచి ఇంకో ఉత్తరం కూడా వచ్చింది. "బోగీ-ఫొయర్", అనగా భోగి మంట, ఓస్టర్‌ముల్డే స్థానిక ఆచారాల జాబితాలో చేర్చబడినది. ఇకపై ఏటా ఊరి ప్రజలే నిర్వహించెదరు. శ్రీ వెంకటరామారావు, శ్రీమతి దేవకుమారి సలహాదారులు. తెలుగువారు రాదలచుకుంటే స్వాగతం, పొద్దున ఆరుకు.

ఈ అన్యాయాన్ని సమాఖ్య తీవ్రంగా ఖండించింది. వేల ఏళ్ల మన సంస్కృతిని జర్మన్లు దొంగిలించారని, దానికి మనవాళ్లే ఇద్దరు తోడ్పడ్డారని ఆన్‌లైన్లో ఒక మహజరు తయారైంది. ఒక్క సాయంత్రంలో తొమ్మిది వందల పైచిలుకు మంది సంతకాలు చేశారు. ఓస్టర్‌ముల్డే ఎక్కడుందో వాళ్లలో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు ఆ పొద్దున నిద్రలో ఉన్నారు. లింకు మీ ఫోనుకు కూడా వచ్చే ఉంటుంది. మీరు సంతకం చేశారో లేదో గుర్తు లేకపోతే ఒకసారి చూసుకోండి. చేసే ఉంటారు.